మట్టిని అడిగి కట్టేవాళ్లు

అవనిగడ్డ సెంటర్లో నిలబడి ఎటు చూసినా కొండ కనపడదు. వరి, అరటి, కొబ్బరి. కిందికి పోయేకొద్దీ రొయ్యల చెరువులు, ఉప్పు పర్ర, మడ అడవి, సముద్రం. కొండచరియ విరిగిపడటం దివిసీమ వాళ్లకు టీవీలో చూసే సంగతి. మరీ దగ్గరకొస్తే బెజవాడ దాకా వస్తుంది. 2020 దసరా రోజుల్లో దుర్గమ్మ కొండ మీంచి బండలు జారాయి. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండ ఇళ్ల మీద కూలింది. అక్కణ్నుంచి గుడివాడ, బందరు వైపు ఆ భయం దిగదు. అందుకే 2025 జూన్ 6న చీనాబ్ వంతెన మీద రైలు నడిచినప్పుడు మనం దాని ఎత్తు చూసి మురిశాం, దాని వెనక ఒక తెలుగావిడ ఉన్నారని విని ఇంకా మురిశాం. ఆవిడ చేసిన పని ఏమిటని మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు.

ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడులో పుట్టి, కాకినాడ జేఎన్టీయూలో సివిల్ చదివి, వరంగల్‌లో, మద్రాసులో పైచదువులు ముగించి, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొఫెసరైన జి. మాధవీలత ఆ వంతెనకు పదిహేడేళ్ల పాటు సలహాదారు. ఆవిడ శాఖ జియోటెక్నికల్ ఇంజనీరింగ్, అంటే కట్టడం కింద ఉండే మట్టీ, రాయీ, నీళ్ల లెక్క. ఉక్కు కమాను వేరేవాళ్లు గీశారు, వేరేవాళ్లు నిలబెట్టారు. నది అడుగు నుంచి 359 మీటర్ల ఎత్తున రైలును మోసే ఆ 467 మీటర్ల కమాను కాళ్లు ఆనింది కొండవాలు మీద. ఆ వాలు జారకుండా ఏం చేయాలి, దాని మీద పునాది ఎలా కూర్చోవాలి అన్నది ఆవిడ పని. అక్కడి రాయి పగుళ్లు బారినది. పైగా భూకంపాల అయిదో జోను తీవ్రతను తట్టుకునేలా కట్టాలి. తవ్వేకొద్దీ కొండ ముందు అనుకున్నట్టు లేదు. పగులు బయటపడిన చోట లెక్క మార్చి, వాలులోకి ఉక్కు యాంకర్లు దించి, సిమెంటు పాలు ఎక్కించి, మళ్లీ తవ్వి, మళ్లీ మార్చి కట్టారు. కట్టుకుంటూ గీసుకోవడమనే ఈ పద్ధతి మీద ఆవిడే తర్వాత ఒక పరిశోధన వ్యాసం రాశారు.

పేపర్లూ టీవీలూ ఒకటే హోరెత్తించాయి. వేలమందిలో తానొకతెననీ, తనకు అనవసరమైన ప్రచారం వద్దనీ ఆవిడే విన్నవించుకోవలసి వచ్చింది. అదంతా వినయమని సరిపెట్టుకున్నాం. అందులో వృత్తి సత్యం కూడా ఉంది. ఈ కొలువులో పని చక్కగా కుదిరితే దాని మీద మట్టి కప్పేస్తారు. కుదరకపోతేనే నలుగురూ వచ్చి చూస్తారు.

ఇంతకీ కొండ లేని సీమకు ఈ కొలువుతో ఏం పని? మనకూ వాలులున్నాయి. మన కొండచరియ కృష్ణ కరకట్టే, చేపల చెరువు గట్టే. గుడివాడ, ముదినేపల్లి, కైకలూరు వైపు రోడ్డు పక్కనే చెరువు తవ్వి, ఆ రోడ్డునే గట్టుగా వాడుకున్న చోట్లు చూడండి. చెరువు నిండుగా ఉన్నన్నాళ్లు నీళ్ల బరువే గట్టును ఒరిగిపోకుండా ఆపుతుంది. పట్టుబడికి చెరువు ఎండగట్టిన వారంలోనే రోడ్డు అంచు బీటవారి జారుతుంది. ఎందుకంటే బయట నీళ్లు పోయాయి, గట్టు పొట్టలో నీళ్లు ఇంకా ఉన్నాయి. పెద్ద పెద్ద జలాశయాల కట్టలు జారడానికి పుస్తకాల్లో చెప్పే కారణాల్లో ఇదొకటి. మనకది ఆర్ అండ్ బీ రోడ్డు మీదే కనిపిస్తుంది.

కరకట్ట సంగతి ఇంకా సూక్ష్మం. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు దాటిపోయినప్పుడు రెండు పక్కలా లంక గ్రామాల వాళ్లు రాత్రంతా కట్ట మీదే ఉన్నారు. కట్ట పైనుంచి నీరు పొర్లడం ఒక్కటే ప్రమాదం కాదు. ఊరివైపు, కట్ట మొదట్లో, ఎక్కడో గడ్డిలో చిన్న ఊట మొదలవుతుంది. దానిచుట్టూ ఇసుక చీమలపుట్టంత పోగవుతుంది. తేట నీళ్లొస్తుంటే కాస్త ఊపిరి తీసుకోవచ్చు. నీళ్లు మురిగ్గా, మట్టి కలిసి వస్తుంటే కట్ట లోపలినుంచి కొట్టుకుపోతోందని అర్థం. అనుభవం లేనివాళ్లు ఆ బుంగలో గోతాలు కుక్కి మూసేస్తారు. అప్పుడది పక్కన ఇంకోచోట పొడుస్తుంది. తెలిసినవాళ్లు చుట్టూ ఇసుక బస్తాలు వలయంగా పేర్చి, ఊట నీటినే కొంత ఎత్తుకు నిలవనిస్తారు. ఆ నిలిచిన నీటి బరువు లోపలి ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది, ఇసుక కదలడం ఆగుతుంది. నీరు పారనివ్వాలి, మట్టిని పోనివ్వకూడదు. ముసలి లస్కర్లకు ఇది ఏ కాలేజీకీ వెళ్లకుండానే తెలుసు. 1925లో కార్ల్ టెర్జాగీ దీన్నే శాస్త్రంగా మార్చాడు. ఇసుక బలమంతా రేణువు రేణువును నొక్కి పట్టుకోవడంలో ఉంది, మధ్యలోని నీటి ఒత్తిడి పెరిగి ఆ పట్టు సడలితే ఇసుక నేలగా ఉండటం మానేస్తుంది అన్నది సారాంశం.

భూమి కంపించినప్పుడూ అదే జరుగుతుంది. నీళ్లతో నిండిన వదులు ఇసుక కుదుపులకు సర్దుకోబోతుంది, నీటికి పోయే దారి ఉండదు, ఒత్తిడి పెరిగి ఇసుక కాసేపు ద్రవమైపోతుంది. జపాన్‌లోని నీగాతాలో 1964లో అపార్టుమెంట్లు గోడలు పగలకుండానే పక్కకు వాలి పడుకున్నాయి. మనకంత పెద్ద భూకంపాలు రావని అనుకోవడానికి కారణాలు ఉన్నాయి గానీ, పక్కనున్న విజయవాడ మూడో జోనులో ఉంది. 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం కంపించాయి. 2024 డిసెంబరు 4న ములుగులో వచ్చిన 5.3 తీవ్రత ప్రకంపన బెజవాడలోనూ తెలిసింది. డెల్టా కింద ఉన్నది ఇసుక పొర, బంకమట్టి పొర, మళ్లీ ఇసుక పొర. నీళ్లు నాలుగడుగుల లోతునే. ఇందులో బెదరగొట్టేదేమీ లేదు, తెలుసుకోవలసింది మాత్రం ఉంది.

ఇసుక మీద కట్టడం మనకు కొత్త విద్య కాదు. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలబెట్టడం తాము ఈ దేశపు పాత కట్టడాల నుంచే నేర్చుకున్నామని కాటన్ దొర ఒప్పుకున్నాడు. ఆయన మనసులో ఉన్నది కావేరి మీది కల్లణై. ఆ విద్యతోనే 1855కి కృష్ణ మీద ఆనకట్ట లేచింది. 1952లో దానికి గండి పడింది, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మన కంకిపాడు బిడ్డ కె.ఎల్. రావు కేంద్రంలో నీటిపారుదల మంత్రి దాకా ఎదిగింది ఈ విద్యల్లోనే. ఇంత చరిత్ర ఉన్న సీమలో ఇల్లు కట్టేటప్పుడు పునాది ఎవరు నిర్ణయిస్తారు? పక్కిల్లు నిర్ణయిస్తుంది. వాళ్లు ఆరడుగులు తవ్వారు, మనమూ ఆరడుగులే. వాళ్ల ఫుటింగు నాలుగు బై నాలుగు, మనదీ అంతే. గుడివాడలో ఈశాన్యం ఎంత పెంచాలన్న దానికి ముగ్గురు పండితులను సంప్రదించినవారు నేల ఏమిటని ఒక్కరినీ అడగరు. తాపీ మేస్త్రిని తప్పు పట్టలేం, ఆయనకు తెలిసినంతలో ఆయన కాస్త ఎక్కువ ఇనుమే వేస్తాడు.

నల్లరేగడికి ఇనుముతో సమాధానం చెప్పలేం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది, దాని బలానికి రెండంతస్తుల ఇల్లు పెద్ద బరువు కాదు. వేసవిలో కాలవలు కట్టేశాక పొలం నెర్రెలిస్తుంది, ఇంటి గోడ కిటికీ మూలనుంచి ఏటవాలుగా బీటవారుతుంది. ఒకవైపు వరిమడి, రెండోవైపు తారు రోడ్డు ఉన్న ఇంటికి ఇంకా కష్టం. మడివైపు నేల తడిగా ఉబ్బి ఉంటుంది, రోడ్డువైపు ఎండి దిగుతుంది. తలుపు బిగుసుకుపోతే వడ్రంగిని పిలుస్తాం, చిత్రిక పట్టిస్తాం, వానలు పడగానే ఆ తలుపుకు సందు వస్తుంది. దీనికి మందు ఎప్పుడో ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ మన దేశంలో ప్రచారంలోకి తెచ్చిన అండర్ రీమ్డ్ పైల్ చూడ్డానికి బోరు గుంజ లాంటిదే, అడుగున మాత్రం కాండానికి రెండున్నర రెట్లు ఉబ్బిన గడ్డ ఉంటుంది. రేగడి నేలల్లో కనీసం మూడున్నర మీటర్ల లోతుకు దించమంటారు, ఎండా వానా తగలని మట్టిలో ఆ గడ్డ పట్టుకుని కూర్చుంటుంది.

బందరు, కోడూరు వైపు కథ వేరు. అక్కడ ఉబ్బే మట్టికన్నా కుంగే మట్టి ఎక్కువ. మట్టి పరీక్షకు మూడుకాళ్ల చట్రం వేసి, 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదులుతారు. మొదటి 15 సెంటీమీటర్లు లెక్కలోకి రావు, తర్వాతి 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకుంటారు. గట్టి ఇసుకలో ముప్పై, నలభై దెబ్బలు. సముద్రం వదిలిపోయిన మెత్తటి బంకలో సుత్తి ఎత్తకముందే, దాని బరువుకే గొట్టం దిగిపోవచ్చు. కుర్రాడు చేతిలో పెన్ను పట్టుకుని లెక్కపెట్టడానికి సిద్ధంగా ఉంటాడు, లెక్కపెట్టడానికి దెబ్బే పడదు. అలాంటి నేల మీద పల్లం కదా అని అయిదడుగులు బుసక తోలి మెరక చేసి, ఆ సంవత్సరమే ఇల్లు ఎత్తుతాం. ఆ మెరక బరువే కింది బంకలోంచి నీటిని ఏళ్ల తరబడి పిండుతూ ఉంటుంది, ఇల్లు దానితోపాటే దిగుతూ ఉంటుంది. 1994లో తెరిచిన ఒసాకా కన్సాయ్ విమానాశ్రయం సముద్రపు బంకమట్టి మీద పోసిన దీవి. ఇప్పటికి అది పది మీటర్లకు పైగా కుంగింది. వాళ్లకది ముందే తెలుసు, టెర్మినల్ స్తంభాల కింద జాకీలు పెట్టి ఎప్పటికప్పుడు సరిచేసుకుంటున్నారు. మన లేఅవుట్లలో ఆ జాకీ పని ప్లాస్టరింగు చేస్తోంది.

ఉప్పెన వచ్చే ఊళ్లలో పునాదికి ఇంకో పరీక్ష ఉంది. 1977 నవంబరు 19న దివిసీమలో అధికారిక లెక్కలోనే దాదాపు పదివేల మంది పోయారు. నాగాయలంక మండలం సొర్లగొంది పేరు ఇప్పటికీ ఆ తేదీతో కలిసే గుర్తొస్తుంది. ఆ తర్వాతే తీరమంతా స్తంభాల మీద లేపిన తుఫాను షెల్టర్లు వచ్చాయి. వచ్చే నీటి తాకిడిని గోడ తట్టుకున్నా, తిరిగిపోయే నీరు పునాది పక్క మట్టిని కోసుకుపోతుంది. షెల్టరును తనిఖీ చేసేవాళ్లు రంగు, కిటికీలు, మరుగుదొడ్లు చూస్తారు. స్తంభాల మొదట్లో నేల ఎంత కోసుకుపోయిందో కూడా చూడాలి.

మన పిల్లలు ఈ విద్యకు దూరమవుతున్నారన్నది మరో దిగులు. ఈఏపీసెట్ కౌన్సెలింగులో సివిల్ సీటు వచ్చిందంటే ఇంట్లో ఓదార్పులు మొదలవుతాయి. వంతెన వార్త వచ్చిన వారం రోజులూ మాత్రం ఎందరో పిల్లలు సివిల్ చదువుతామని మాధవీలతకు రాశారట. అందులో ఎందరికి ఆప్షన్ పెట్టేనాటికి ఆ మాట గుర్తుందో.

ఇప్పటికిప్పుడు చేయగలిగిన పని ఒకటుంది. మన సీమ నేల కింద ఏముందో ఎవరికీ తెలియదని కాదు. బందరు పోర్టుకు, విజయవాడ - మచిలీపట్నం జాతీయ రహదారికి, దివిసీమ మీదుగా పోయే 216కి, పెనుమూడి - పులిగడ్డ వారధికి, గుడివాడ మల్లాయపాలెంలో కట్టిన 8,912 టిడ్కో ఇళ్లకు ప్రజల డబ్బుతో నేల పరిశీలించాకే పని మొదలుపెట్టి ఉంటారు. ఆ బోర్ల నివేదికలు, ఏ లోతున ఏ మట్టి, ఎన్ని దెబ్బలు, నీళ్లు ఎంత లోతున అన్న కాగితాలు, తలా ఒక శాఖ బీరువాలో ఉంటాయి, పని ముగిశాక వాటిని తీసి చూసేవాడుండడు. బ్రిటన్‌లో భూగర్భ సర్వే సంస్థ పది లక్షలకు పైగా బోర్ల వివరాలను ఎవరైనా చూసుకునేలా పటం మీద పెట్టింది. జపాన్ ప్రభుత్వమూ తన పనుల బోర్లను అలాగే బయటపెట్టింది. కృష్ణా జిల్లా కలెక్టరేటు బందర్లోనే ఉంది. ఆ శాఖలన్నిటి నుంచి కాగితాలు తెప్పించి, స్కాన్ చేయించి, గ్రామం పేరుతో వెతుక్కునేలా పెట్టిస్తే అయ్యే ఖర్చు ఒక చిన్న కల్వర్టు ఖర్చు కూడా ఉండదు. పక్కవీధి బోరు చూసి మన స్థలానికి డిజైన్ చేయకూడదు, నిజమే. గుడ్లవల్లేరులో ఇల్లు మొదలుపెట్టే టీచరు దంపతులకు తమ వీధి కింద పదడుగుల బంక ఉందని ముందే తెలిస్తే, ముగ్గు పోసే ముందు తమ స్థలంలో ఒక బోరు వేయించమని మేస్త్రిని అడుగుతారు.