పేజీ లెక్కన కూలి, అదీ నెల దాటినాకే చెప్తారంట!



మన తండాల పాటలు, నల్లమల చెంచుగూడేల కథలు కలిపి ఈ-బుక్ చేద్దామనే మాట కొన్నాళ్లుగా నడుస్తోంది. నంద్యాల హాస్టళ్లలో ఉండేవాళ్లం, ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సుకు వచ్చే మనవాళ్లం కూర్చొని మాట్లాడుకున్నాం. పుస్తకం రావాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ "నెల చందా యాప్‌లో పడేస్తే డబ్బులు అవే వస్తాయి" అనే మాట మాకు నచ్చలేదు. ఎందుకో చెప్తాం.

చందా పద్ధతిలో చదివేవాళ్లు నెలకు ఒకసారి కట్టి ఎన్ని పుస్తకాలైనా చదువుకోవచ్చు. వాళ్లకు లాభమే. మరి రాసినోళ్లకు? అన్నిటికన్నా పెద్దది కిండిల్ అన్‌లిమిటెడ్, మన దేశానికి 2015లో వచ్చింది. సొంతంగా ఈ-బుక్ వేసుకునే రచయితలకు మొదట్లో ఒక లెక్క ఉండేది. పుస్తకం తీసుకున్నోళ్లు పది శాతం దాటి చదివితే చాలు, చిన్న పుస్తకానికైనా పెద్ద పుస్తకానికైనా ఒకటే మొత్తం. 2015 జులై నుంచి దాన్ని పేజీల లెక్కకు మార్చినారు. కంపెనీ నెలకింత అని ఒక నిధి పెడుతుంది, దాన్ని జనం చదివిన పేజీల మీద పంచుతుంది. రేటు ఎంతో ఆ నెల అయిపోయినాకే తెలుస్తుంది. డబ్బు చేతికి రావడానికి ఇంకో రెండు నెలలు.

మన అమ్మానాన్నలు వరి నాట్లకు గుత్తకు పోతే ఎకరాకు ఇంత అని ముందే తెగ్గొట్టుకుంటారు కదా. దిగుబడి చూసి కూలి చెప్తామంటే ఎవరన్నా మడిలో దిగుతారా?

లెక్కకోసం పేజీకి పది పైసలు అనుకుందాం. నూరు పేజీల పుస్తకాన్ని 200 మంది చివరిదాకా చదివితే 2,000 రూపాయలు. పెద్ద నవలలు, సీరియళ్లు రాసేవాళ్లకు ఈ పద్ధతి బాగానే ఉంటుంది. మన పాట మూడు పేజీలు. అంటే 30 పైసలు! పైగా ఒక మనిషి ఒక పేజీని ఎన్నిసార్లు చదివినా ఒక్కసారే లెక్క. తండాలో ఒకరు ఫోన్ పట్టుకొని చదివితే పదిమంది చుట్టూ కూర్చొని వింటారు. ఆ పదిమంది ఏ లెక్కలోనూ ఉండరు.

ఇంకోటి, ఇది ముఖ్యం. అందులో చేరితే 90 రోజులు ఆ ఈ-బుక్‌ని ఇంకెక్కడా అమ్మకూడదు, ఉచితంగా కూడా ఇవ్వకూడదు. అంటే మన పాటల పీడీఎఫ్‌ని మన గ్రూపులోనే మనం పెట్టుకోకూడదు.

అసలు భాష సంగతి చూడండి. 2016 డిసెంబరులో కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టింది. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు 8.11 కోట్లు, మలయాళం 3.48 కోట్లు. తెలుగుకే ఇట్లుంటే, లిపి లేక తెలుగు అక్షరాల్లో రాసుకునే మన గోర్ బోలీని ఎవరు పట్టించుకుంటారు? తెలుగోళ్ల కినిగె మాత్రం పుస్తకాలను విడిగా అమ్మింది, అద్దెకు కూడా ఇచ్చింది. ఈ పుస్తకానికి ఇంత అని చదివేవాళ్లే కడతారు కాబట్టి రాసినోళ్లకు లెక్క కళ్లముందే ఉంటుంది. మనకు అదే సరిపోతుందని మా అభిప్రాయం. ముందు విడిగా అమ్ముదాం, మనవాళ్లకు ఉచితంగా ఇద్దాం. చందా సంగతి ఏడాది తర్వాత చూసుకోవచ్చు.

ఇక రచయిత అంటే ఎవరు? ఏ యాప్ అయినా డబ్బు వేసేది ఒక పేరుకు, ఒక బ్యాంకు ఖాతాకు. పాట పాడిన అవ్వకు ఫోనే లేదు. అహోబిలం చెంచులక్ష్మి కథ మీద సినిమాలు కూడా వచ్చినాయి, గూడేల్లో దాన్ని చెప్పే ముసలోళ్లకు ఏం వచ్చింది? రేపు మనమూ అదే పని చేస్తే తేడా ఏముంది? అందుకే ఏ పాట ఎవరు పాడినారో పేరు, ఊరు పుస్తకంలో వేయాలి, వాళ్ల అనుమతితోనే. వచ్చిన దాంట్లో సగం వాళ్లకే పోవాలని మేము అంటున్నాం. టైపింగుకు, బొమ్మలకు ఖర్చు ముందు తీసేయాలని ఆళ్లగడ్డ వైపు తమ్ముళ్లు అంటున్నారు. అది ఇంకా తేలలేదు. మీ మాట కూడా చెప్పండి.