క్రొత్త యంత్రమునకు తొందర యేల?

దసరా, దీపావళి సమీపించినంతనే మన రాజురా కుటుంబములలో క్రొత్త ఫోను, క్రొత్త కంప్యూటరు మాట వచ్చును. పిల్లల చదువునకని తల్లిదండ్రులు వాయిదాలపై కొనుటయు, ఆ వాయిదాలు తీరకమునుపే "ఇది పాతబడినది" అను మాట వినుటయు పరిపాటియైనది. మేమును వర్తకులమే, సరకు అమ్ముడుపోవలెనని కోరువారమే. అయినను మనవారి కష్టార్జితము విషయమున ఉన్నమాట చెప్పుట మా విధియని తలంచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఒకప్పుడు ఈ తొందరకు కారణము లేకపోలేదు. తరువాతి కాలమున ఇంటెల్ సంస్థను స్థాపించినవారిలో ఒకరైన గోర్డన్ మూర్, చిప్పుపై ఇముడు ట్రాన్సిస్టర్ల సంఖ్య ఏటేటా రెట్టింపగునని 1965లో అంచనా వేసెను. 1975లో ఆ గడువును రెండేండ్లకు సవరించెను. చాలకాలము అట్లే సాగినది. వేగమును కూడ చూడుడు. 1984లో వచ్చిన ఐ.బి.ఎం. 'ఏటీ' కంప్యూటరు చిప్పు 6 మెగాహెర్ట్జ్ వేగము కలది. 2004 నాటికి పెంటియం 4 చిప్పు 3,800కు చేరెను. అనగా ఇరువదేండ్లలో ఆరువందల రెట్లు! మరి ఇరువదేండ్లకు, 2024లో ఇంటెల్ విడుదల చేసిన మిక్కిలి వేగముగల చిప్పు 6,200 మాత్రమే. రెండు రెట్లైనను కాలేదు. ట్రాన్సిస్టరు మిక్కిలి సూక్ష్మమైనకొలది విద్యుత్తు వృథాగా కారుటయు, వేడి పెరుగుటయు ఇందులకు కారణములు.

చిప్పుల అభివృద్ధి నిలిచిపోయినదని మా భావము కాదు. నేటి చిప్పులు ఒకేసారి పెక్కు పనులు చేయుచున్నవి. విద్యుత్తును ఆదా చేయుచున్నవి. కాని పాఠము వినుటకు, దుకాణపు లెక్కలు వ్రాయుటకు, మరాఠీ బడిలో చదువు మన బిడ్డలు ఇంట తెలుగు చదువుటకు ఆ అదనపు బలము అంతగా అక్కరకు రాదు.

పెక్కుమార్లు పాతబడునది చిప్పు కాదు, అందు నడుచు ప్రోగ్రాము. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు సంయుక్తాక్షరము వచ్చినంతనే ఐఫోన్లలో సందేశముల ప్రోగ్రాములు ఆగిపోయినవి. ప్రోగ్రామును సవరింపగా అది తీరినది. క్రొత్త చిప్పు కావలసిరాలేదు. విండోస్ 10కు సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. చక్కగా పనిచేయు కంప్యూటర్లు అనేకము విండోస్ 11కు అర్హములు కాకపోయినవి. సవరణలు లేని యంత్రముపై బ్యాంకు పనులు చేయరాదు, నిజమే. కాని ఉచితమైన లినక్సు వేసికొన్నచో అట్టి పాత యంత్రములు పెక్కు నేటికిని పనికివచ్చును.

కావున అప్పు చేయుటకు ముందు మరమ్మతు సంగతి విచారింపుడు. బ్యాటరీ మార్చినను, పాత హార్డు డిస్కు స్థానమున ఎస్.ఎస్.డి. వేసినను యంత్రము మరి కొన్నేండ్లు నడచును. కేంద్ర ప్రభుత్వము కూడ 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును తెరచినది.

తోటి వర్తకులకు మా మనవి: కొనవచ్చినవానిని "ఏ పనికి?" అని ముందుగా అడుగుడు. అక్కరలేనిచో అక్కరలేదని చెప్పుడు. నేడు ఒక బేరము పోయినను నమ్మకము నిలుచును. క్రొత్తవి కొన్న సభ్యులు పాతవానిలోని తమ వివరములు చెరిపివేసి, మన పేద విద్యార్థులకు ఇచ్చినచో అంతకంటె సద్వినియోగము లేదు.