ఫోటో వెనకాల పేరు రాయండి (వాడ ముచ్చట్లు – 17)



పోయిన వారం యూనివర్సిటీ హాస్టల్ నుంచి ఒక తమ్ముడు వాట్సాప్‌లో లింక్ పంపాడు. ఏదో ఆన్‌లైన్ వేలం. బాబాసాహెబ్ పాత ఫోటో, కింద ఇంగ్లీషులో సంతకం. "అన్నా, మనం తలా కొంత వేసుకుని కొందామా? లేకపోతే ఎవడో డబ్బున్నోడు కొని బీరువాలో పెట్టుకుంటాడు" అన్నాడు. స్కాలర్‌షిప్ ఇంకా పడని పిల్లోడు అడిగిన మాట అది. వెంటనే వద్దనడానికి నోరు రాలేదు. వారం రోజులు ఆలోచించి రాస్తున్నాను.

ముందు ఆ ఫోటో సంగతి. సంతకం ఉన్న పాత ఫోటో కనపడగానే కళ్లు చెమర్చుతాయి, నిజమే. కానీ భూతద్దం కూడా పట్టుకోవాలి. అచ్చులో వచ్చిన సంతకమైతే చాలాసార్లు సన్నటి చుక్కలు కనపడతాయి. ఫోటోతో పాటే నెగెటివ్ నుంచి దిగిన సంతకమైతే బొమ్మలో కలిసిపోయి ఉంటుంది. చేత్తో పెట్టిన సిరా కాగితం మీద వేరేగా తెలుస్తుంది, వెలుతురుకు వంచి చూస్తే మెరుపు తేడా కనపడుతుంది. బాల్‌పెన్ను జనం చేతికి వచ్చింది 1945 తర్వాతే. 1930ల తేదీ వేసి బాల్‌పెన్నుతో పెట్టిన సంతకం కనపడితే అది దొంగది. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఫోటో ఎవరి ఇంట్లో నుంచి ఎవరి చేతికి వచ్చిందో అమ్మేవాడు చెప్పగలగాలి. తమ్ముడు పంపిన లింక్‌లో ఆ వివరం ఒక్క ముక్క లేదు. కాబట్టి కొనొద్దన్నాను.

కానీ వాడు వదల్లేదు. "అసలుదే అయితే కొనొచ్చా అన్నా?" అన్నాడు. దానికి జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1854లో పారిస్‌లో దిస్దేరి అనే ఫోటోగ్రాఫర్ అరచేతిలో పట్టే అట్టముక్క ఫోటోలకు పేటెంట్ తీసుకున్నాడు. ఒకే పలక మీద చాలా బొమ్మలు పడతాయి కాబట్టి చౌక. రాజుల, సేనాపతుల, నాయకుల ఫోటోలు అంగళ్లలో అమ్ముడుపోయాయి. జనం కొని ఆల్బమ్‌లలో దాచుకున్నారు. ఆ ఫోటో మీద ఆ మనిషే సంతకం చేసి ఉంటే ఇంకా విలువ. ఈరోజు వేలంపాటల్లో నడుస్తున్న సరదాకు మూలం అక్కడే ఉంది.

అదే కాలంలో అమెరికాలో ఇద్దరు నల్లజాతి మనుషులు ఇదే ఫోటోను తమ పోరాటానికి వాడుకున్నారు. అమెరికా మనకెందుకు అంటారేమో. బానిసత్వం మీద అక్కడ జరిగిన పోరాటాన్ని చూసే మహాత్మా ఫూలే 1873లో తన 'గులాంగిరి'ని ఆ దేశ ప్రజలకు అంకితమిచ్చాడు. అప్పటినుంచీ అది మన చుట్టరికమే.

మొదటి మనిషి ఫ్రెడరిక్ డగ్లస్. బానిసగా పుట్టాడు. చిన్నప్పుడు యజమాని భార్య అక్షరాలు నేర్పబోతే యజమాని అడ్డుకున్నాడు. చదువొస్తే బానిసగా పడుండడని వాడికి తెలుసు. మన పెద్దోళ్లకు బడి గుమ్మం దగ్గర ఎదురైన మాట కూడా అదే కదా. డగ్లస్ దొంగచాటుగా నేర్చుకున్నాడు. 1836లో పారిపోవడానికి తనకూ తన తోటివాళ్లకూ అనుమతి చీటీలు రాశాడు. కింద దొర పేరుతో సంతకం కూడా తనే పెట్టాడు. దొరికిపోయి జైలుకెళ్లాడు. 1838లో మళ్లీ ప్రయత్నించి బయటపడ్డాడు. పుట్టినప్పటి ఇంటిపేరు బెయిలీ వదిలేసి డగ్లస్ అయ్యాడు. ఆయన ఫోటోలు ఇప్పటిదాకా దొరికినవి కనీసం 160 అని పరిశోధకులు లెక్క తేల్చారు. లింకన్‌కు కూడా అన్ని లేవు. దాదాపు ఏ ఫోటోలోనూ నవ్వడు. బానిసలు సంతోషంగానే ఉన్నారని తెల్లోళ్లు గీసే బొమ్మలకు తన ముఖంతో జవాబు చెప్పాడు. ఆయన ఫోటో మీద సంతకం చూసినప్పుడు నాకు సిరా ధర గుర్తు రాదు. ఒకప్పుడు దొర పేరు రాస్తే తప్ప అడుగు కదపలేని చెయ్యి తన పేరు తాను రాసుకుందని గుర్తొస్తుంది.

రెండో మనిషి సోజర్నర్ ట్రూత్. ఆమె కూడా బానిసగా పుట్టింది. రాయడం, చదవడం రాదు. సంతకాల బజారులో ఆమెకు చోటెక్కడిది? అయినా 1864లో తన ఫోటోకు తన పేరునే కాపీరైట్ తీసుకుంది. ఆ రోజుల్లో ఆ హక్కు మామూలుగా ఫోటో తీసినోడిదే. కింద తన పేరూ తన మాటా అచ్చు వేయించి, సభల్లో తానే అమ్ముకుంది. ఈ నీడను అమ్మి అసలు మనిషి బతుకుతోందని ఆ అచ్చు మాటకు అర్థం. తన ముఖం, తన పేరు, తన డబ్బు, తన పని.

మన దేశంలోనూ సంతకాలు అమ్మిన నాయకుడున్నాడు. గాంధీ ఆటోగ్రాఫ్‌కు 5 రూపాయలు తీసుకుని హరిజన నిధిలో వేసేవాడు. నిధి మన కోసమే అన్నారు. ఆ పేరు మనం పెట్టుకున్నది కాదు. నిధి మీద పెత్తనమూ మనది కాదు. హరిజన సేవక సంఘం నడిపే చోట అంటరానివాళ్లకు స్థానం లేకపోవడాన్ని బాబాసాహెబ్ 1945 నాటి పుస్తకంలో నిలదీశాడు. ఆ 5 రూపాయలనూ సోజర్నర్ అమ్మిన కార్డునూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరి ముఖం, ఎవరి చేతిలో సొమ్ము అనేది మొత్తం రాజకీయం చెప్పేస్తుంది.

మన ముఖాలనూ ఫోటోలు తీశారు, తీయలేదని కాదు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ థర్‌స్టన్ దక్షిణాది కులాల మీద 1909లో ఏడు సంపుటాలు వేశాడు. మనుషుల తలలు, ముక్కులు కొలిచినవాడు. అలాంటి పుస్తకాల్లో మనవాళ్ల ఫోటో కింద కులం పేరు ఉంటుంది. మనిషి పేరు మాత్రం ఉండదు.

ఇక మా ఇంటి సంగతి చెప్తాను. మా తాత సంతకం ఈ లోకంలో ఎక్కడా లేదు. ఆయన వేలిముద్ర మాత్రం ఆసామి ఇంట్లో అప్పు నోటు మీద ఉండేది. ఫోటో ఒక్కటే మిగిలింది. వాడలో అంబేద్కర్ సంఘం పెట్టిన రోజు టౌను నుంచి ఫోటో ఆయన్ని పిలిపించి తీయించుకున్నారు. పద్దెనిమిది మంది. మధ్యలో కుర్చీ మీద బాబాసాహెబ్ పటం. మనుషులు నేల మీద. మా నాయనమ్మ ఒక్కొక్కరి మీద వేలు పెట్టి చెప్పేది: వీడు డప్పు కొడితే ఊరు లేచేది, వీడు మొదటిసారి చెప్పులేసుకుని ఊరి నడివీధిలో నడిచాడు. నేను ఊఁ కొట్టాను. రాసుకోలేదు. సభల్లో చరిత్ర గురించి గంటలు గంటలు మాట్లాడేవాడిని, చేతిలో పెన్ను ఉన్నవాడిని, రాసుకోలేదు. నాయనమ్మ పోయింది. ఇప్పుడు నాకు తెలిసినవి నాలుగు పేర్లు. మిగతా పద్నాలుగు మందిని నేను కూడా థర్‌స్టన్ ఫోటోల్లో మనుషుల్లా చేసి పెట్టాను. ఈ తప్పు ఇంకెవరి మీదా వెయ్యలేను.

అందుకే తమ్ముడికి నా జవాబు ఇది. పాత ఫోటోలు కొని జాగ్రత్త చేసేవాళ్లను నేను తిట్టను. వాళ్లు దాచకపోతే కొన్ని ఎప్పుడో చిత్తు కాగితాల్లో కలిసేవి. కానీ బాబాసాహెబ్ సంతకమున్న ఫోటో ఎవరి దగ్గరున్నా, కనీసం ఒక మంచి స్కాన్ జనానికి ఇవ్వాలి. అది అడగడం మన హక్కు. మన దగ్గరున్న చందా డబ్బు మాత్రం ఆ సిరా మీద పెట్టొద్దు. తలా కొంత వేసుకుంటే ఒక స్కానర్ వస్తుంది. సెలవులకు ఊరెళ్లే ప్రతి విద్యార్థీ తన వాడలోని పెళ్లి ఫోటోలు, సంఘం ఫోటోలు, హాస్టల్ ఫోటోలు స్కాన్ చేసి తేవాలి.

జాగ్రత్తలు కొన్ని. అద్దానికి అతుక్కున్న ఫోటోను పీకొద్దు, అలాగే ఫోటో తీయండి. సెల్లోటేపు వెయ్యొద్దు, లామినేషన్ చేయించొద్దు. వెనకాల మెత్తటి పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ను నొక్కు ముందుకు దిగుతుంది. ఎడమ నుంచి కుడికి పేర్లు, ఊరు, సందర్భం, చెప్పిన మనిషి పేరు. ఇంటివాళ్లు వద్దంటే ఎక్కడా పెట్టొద్దు. సోజర్నర్ నేర్పిన పాఠం అదే, ముఖం ఎవరిదో హక్కు వాళ్లది.

తమ్ముడూ, వచ్చే ఆదివారం ఊరికి పోతున్నానన్నావు కదా. మీ అమ్మమ్మకు చూపు ఉన్నప్పుడే ఆ ట్రంకుపెట్టె తెరిపించు. ఎన్ని పేర్లు దొరికాయో నాకు రాయి.

జై భీమ్.