సాహసానికి ముందు నాలుగు ప్రశ్నలు



మా శివ్వంపేటలో మంచు కురియదు. వేసవిలో ఎప్పుడైనా వడగండ్లు రాలితే పిల్లలు గిన్నెలు పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తడమే మాకు తెలిసిన హిమదర్శనం. అట్టి ఊరిలో ఆలయార్చకత్వం చేసుకొనే నేను హిమసంపాతాన్ని గూర్చి వ్రాయబూనడం పాఠక మహాశయులకు వింతగా తోచవచ్చు. అందుకు కారణం ఉన్నది.

బాల్యంలో నా వద్ద సంధ్యావందనమూ, గీతలో కొన్ని అధ్యాయాలూ నేర్చుకొన్న ఒక పిల్లవాడు నేడు అమెరికాలో ఉద్యోగి. గడచిన శీతకాలంలో ఒకనాడు ఫోను చేసి, "గురువుగారూ, వారాంతంలో మిత్రులతో స్కీయింగుకు వెళుతున్నాను, ఆశీర్వదించండి" అన్నాడు. సంతోషించాను. మాటల మధ్యలో తెలిసినదేమంటే, వాడు పోయేది రక్షకులు నిత్యం పరీక్షించి, గుర్తులు పాతి ఉంచిన మార్గంలో కాదు; ఆ హద్దు దాటి, ఎవరి అడుగూ పడని వాలులలోనికి. దానిని ఆఫ్-పిస్ట్ స్కీయింగ్ అంటారట. "ప్రమాదం కదా నాయనా" అన్నాను. "ఆత్మకు చావు లేదని మీరే చెప్పారు గదా గురువుగారూ" అని నవ్వాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట చెప్పినవాడను నేనే. సగం చెప్పి విడిచినవాడనూ నేనే.

ఆత్మ అవినాశి అన్న ఉపదేశం ద్వితీయాధ్యాయంలో ఎవరికి చేయబడినది? శోకమోహాలచేత స్వధర్మాన్ని విడువజూచినవానికి. వినోదార్థం ప్రాణాన్ని పణంగా పెట్టేవానికి కాదు. అదే గీత అష్టాదశాధ్యాయంలో కర్మను మూడు విధాలుగా విభజిస్తూ, తామసకర్మకు లక్షణం చెప్పినది. అనుబంధాన్ని, క్షయాన్ని, హింసను, పౌరుషాన్ని విచారింపక, మోహంతో ఆరంభించినది తామసం. పర్యవసానమేమి? నష్టమెంత? ఇతరులకు కలిగే బాధ ఏది? నా సామర్థ్యమెంత? ఈ నాలుగు ప్రశ్నలను ఆ పిల్లవానికి నేను ఏనాడూ నేర్పలేదు. ఇప్పుడైనా ఒక్కొక్కటిగా విచారిద్దాం.

మొదటిది అనుబంధం, అనగా పర్యవసానం. హిమం ఒకే ముద్దగా ఉండదు. పొరలు పొరలుగా పేరుకొంటుంది. అడుగున ఎక్కడో ఒక దుర్బలమైన పొర ఉండి, దానిపై కొత్త మంచు, గాలి తోసుకొచ్చిన మంచు బరువుగా కూర్చుంటుంది. పైకి అంతా శుభ్రంగా, ప్రశాంతంగా కనబడుతుంది. సుమారు 30 నుండి 45 డిగ్రీల వాలులో ఒక్క మనిషి బరువు ఆ పొరను విరుగగొట్టడానికి చాలును. పలక పలకగా కొండవాలు కదలిపోతుంది. ప్రాణాంతకమైన హిమసంపాతాలలో అత్యధికభాగం దైవికంగా పడినవి కావు; అందులో చిక్కినవారో, వారి సహచరులో కదిలించినవే. లోపలి వాసనలు అదృశ్యంగా ఉండి ఒక్క స్పర్శతో మనిషిని పడద్రోసినట్లే, ఇక్కడ కూడా లోపలి దౌర్బల్యం కంటికి కానరాదు. కనుక "చూడటానికి బాగుంది" అన్నది ప్రమాణం కాదు.

రెండవది క్షయం. కదలిక ఆగిన మరుక్షణం ఆ మంచు సిమెంటువలె గట్టిపడుతుంది. పూడిపోయినవాడు వ్రేలు కూడా కదల్చలేడు. మొదటి 10, 15 నిమిషాలలో వెలికి తీస్తే బ్రతికేవారే అధికం. అరగంట దాటితే ఆశ మిక్కిలి సన్నగిల్లుతుంది. 2012 ఫిబ్రవరిలో ఆస్ట్రియాలోని లెక్ వద్ద నెదర్లాండ్స్ రాజకుమారుడు ఫ్రిసో ఇట్లే హద్దు దాటిన వాలులో చిక్కుకొన్నాడు. ఆనాడు ప్రమాదహెచ్చరిక అమలులో ఉన్నది. సుమారు 25 నిమిషాలకు ఆయనను వెలికి తీశారు. పూర్తి స్పృహ రాలేదు. భార్య, ఇద్దరు చిన్న కుమార్తెలు, తల్లి ఏడాదిన్నర నిరీక్షించారు; 2013 ఆగస్టులో ఆయన గతించాడు. రాజసంపద ఆ 25 నిమిషాలను తగ్గించలేకపోయినది.

పురోహితునిగా నేను క్షయాన్ని మరొక వైపునుండి చూచినవాడను. దేహం దొరకనివారికి మోదుగాకులు 360 కూర్చి ప్రతికృతి చేసి దహనం చేయించే విధి మన శాస్త్రంలో ఉన్నది. వాగులో కొట్టుకుపోయిన ఒక యువకునికై ఒక పర్యాయం ఆ కర్మ చేయించాను. తల్లి ఆ ఆకులబొమ్మ పాదాలను పట్టుకొని విడువలేదు. నా కంఠం నుండి మంత్రం రాలేదు. ఆత్మకు నాశం లేదని ఆ తల్లికి ఆ క్షణంలో చెప్పగలిగే ధైర్యం ఎవరికైనా ఉంటే, వారే ఆ పిల్లవాని వాదాన్ని సమర్థింతురు గాక. నాకు ఆ ధైర్యం లేదు.

మూడవది హింస. "నా ప్రాణం నా ఇష్టం" అనేవారు మరచేది దీనిని. పైన ఒకడు కదిలించిన చరియ క్రింద నడిచేవానిపై పడుతుంది. వెదకబోయే రక్షకులు అదే కొండపై, అదే విరిగే పొరలపై అడుగు పెట్టాలి. కాశ్మీరంలోని గుల్మార్గ్‌లో 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండ్ దేశీయులు, మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక రష్యా దేశీయుడు ఇట్లే మరణించారు. ప్రతిసారీ స్థానికులు, రక్షణదళాలు ప్రాణాలకు తెగించి మంచును త్రవ్వినవారే. ధర్మశాస్త్రంలో సాహసం అన్న పదం ప్రశంస కాదన్నది గమనార్హం. మనువు చెప్పిన 18 వ్యవహారపదాలలో సాహసం ఒకటి. బలాన్ని ప్రయోగించి చేసే అపరాధమని దాని అర్థం. తెలుగులో ఆ మాట వీరత్వానికి పర్యాయమైనది గాని, పాత అర్థంలోని హెచ్చరికను పూర్తిగా విడువరాదని నా మనవి.

నాలుగవది పౌరుషం, అనగా స్వసామర్థ్యం. నేను పర్వతారోహణకు విరోధిని కాను. మన తెలంగాణ బిడ్డ మాలావత్ పూర్ణ 13 ఏండ్ల వయసులో 2014 మే 25న ఎవరెస్టు నెక్కినది. ఆమెతో ఖమ్మం జిల్లాకు చెందిన ఆనందకుమార్ కూడా ఎక్కినాడు. ఆ పిల్లలు భువనగిరి కొండపై మొదలుపెట్టి అభ్యాసం చేసి, పరీక్షలు దాటి, పెద్దల పర్యవేక్షణలో వెళ్ళినవారు. అది పౌరుషాన్ని తూచుకొన్న ధైర్యం. అయినను తూచుకొన్నంత మాత్రాన కొండ మాట ఇవ్వదు. నెల్లూరు జిల్లావాడు, ఏడు ఖండాల శిఖరాలనూ ఎక్కిన మల్లి మస్తాన్‌బాబు 2015లో ఆండీస్‌లో ప్రాణం విడిచాడు. 2022 అక్టోబరులో ఉత్తరకాశీ సమీపాన ద్రౌపదీ కా డాండాపై శిక్షణ పొందుతున్న బృందమే హిమసంపాతానికి గురియైనది. నిపుణులకే ఇట్లుంటే, రెండు వారాంతాల అభ్యాసంతో హద్దు దాటేవాని మాట ఏమి?

మరి సియాచిన్‌లోని సైనికులో అని కొందరు అడుగవచ్చు. 2016 ఫిబ్రవరి 3న సోనమ్ స్థావరంపై మంచు విరిగిపడి మద్రాస్ రెజిమెంటుకు చెందిన పదిమంది కాలం చేశారు. వారిలో కర్నూలు జిల్లాకు చెందిన సిపాయి ముస్తాక్ అహ్మద్ ఉన్నాడు. కర్ణాటకకు చెందిన హనుమంతప్ప ఆరు దినాలకు సజీవంగా బయటపడి, కొద్ది దినాలకే కన్నుమూశాడు. వారు ఆ ప్రమాదాన్ని కోరి వెళ్ళలేదు. విధి పిలిచిన చోట నిలిచారు. ఆత్మ అవినాశి అన్న వాక్యం చెల్లేది అట్టివారికి. వారి మృత్యువునూ, వినోదార్థం తెచ్చుకొన్న మృత్యువునూ ఒకే త్రాసులో పెట్టడం ఆ సైనికులకు అపచారం.

పాండవుల మహాప్రస్థానాన్ని ఉదాహరించేవారూ ఉన్నారు. వారు పరీక్షిత్తునకు రాజ్యమప్పగించి, ఋణాలన్నీ తీర్చుకొని కదిలారు. తీర్చవలసిన ఋణాలు ఇంకా ముందున్న యువకుడు ఆ దారిని ఉదాహరించరాదు.

మన సంప్రదాయం ప్రకృతి ముందు ఎట్లు నడచుకొన్నదో చూడండి. మంచు ముంచుకొచ్చే కాలంలో కేదారనాథుని ద్వారాలు మూసి, ఉత్సవమూర్తిని ఉఖీమఠానికి తెచ్చి అక్కడే అర్చిస్తారు. అంత దూరమెందుకు, మా మెదకు జిల్లాలోనే ఏడుపాయలలో మంజీర పొంగినప్పుడు వనదుర్గామాత గర్భాలయం మూసి, రాజగోపురం వద్ద ఉత్సవవిగ్రహానికి పూజలు చేస్తారు. అమ్మవారికి భయమా? కాదు, భక్తులను కాపాడే మర్యాద. దేవతలే హద్దును మన్నించి వెనుకకు జరిగిన చోట మనిషి హద్దు దాటడాన్ని భక్తి అని గాని, జ్ఞానమని గాని పిలువలేము.

మరునాడు ఆ పిల్లవానికి ఫోను చేసి ఇంతా చెప్పాను. పోవద్దని ఆజ్ఞాపించలేదు, ఆజ్ఞలు సముద్రాలు దాటవు. ఆ ప్రాంతపు హిమసంపాత సూచన ఆ ఉదయం చదువు, పూడినవానిని కనుగొనే యంత్రమూ, గుచ్చి వెదకే కడ్డీ, పార లేనిదే కదలకు, వాటిని ఉపయోగించడం ముందు నేర్చుకో, తెలిసినవాడు వద్దంటే వెనుదిరుగు అన్నాను. కొంతసేపు మౌనంగా ఉండి, "మొదటిది ఒక్కటే చేస్తున్నాను గురువుగారూ, మిగిలినవి లేవు" అన్నాడు. ఆ వారం గుర్తులున్న మార్గంలోనే ఆడుకొన్నాడట. వచ్చే శీతకాలం సంగతి నాకు తెలియదు. నిత్యార్చనలో సంకల్పం చెప్పేటప్పుడు వాని గోత్రనామాలు ఉచ్చరిస్తూనే ఉన్నాను.

గీత బోధించే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. ద్వితీయాధ్యాయం చెప్పిననాడే అష్టాదశాధ్యాయంలోని ఆ నాలుగు ప్రశ్నలనూ చెప్పండి. నావలె సగంలో విడువకండి.

స్వస్తి.