కొలెస్ట్రాల్ పెరిగితే తప్పంతా నేతిదేనా?

మన చిత్తూరు వైపు ఆడవాళ్ళకి రిపోర్టులో కొలెస్ట్రాల్ ఎక్కువని వస్తే చాలు, ఇంటిల్లిపాదీ వంటింటి మీద పడతారు. నెయ్యి మానెయ్, శెనక్కాయల చట్నీ మానెయ్ అని. సంగటిలోకి మనం వేసుకునేదే ఓ చెంచా నెయ్యి, అదీ అందరూ తిన్నాక మిగిలితే!

నేనైతే ముందు థైరాయిడ్ చూపించుకోమంటాను. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి థైరాయిడ్ గ్రంథి మీద దాడి చేసే జబ్బు ఒకటుంది. 1912లో దాన్ని వివరించిన జపాన్ డాక్టరు హషిమోటో పేరే దానికి పెట్టారు. మగవాళ్ళకన్నా మనకే చాలా ఎక్కువ. థైరాయిడ్ హార్మోన్ తగ్గితే చెడ్డ కొలెస్ట్రాల్‌ని లివరు రక్తంలోంచి సరిగ్గా తీసెయ్యలేదు, అక్కడే పేరుకుంటుంది. అలాంటప్పుడు నెయ్యి ఒక్కటీ మానేస్తే ఏం లాభం? థైరాయిడ్ మందు పడ్డాక చాలామందికి అది కొంత దిగుతుంది.

షుగరుకీ దీనికీ చుట్టరికముంది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే టైప్ 1 షుగరూ ఇలాంటి దాడే, కాకపోతే ఇన్సులిన్ తయారుచేసే కణాల మీద. అందుకే ఆ పిల్లలకి థైరాయిడ్ కూడా పరీక్ష చేస్తారు. పెద్దవాళ్ళలో మామూలుగా చూసే టైప్ 2 కథ వేరు.

డాక్టరిచ్చిన మాత్రలు మానమని కాదు సుమా. పొద్దున్నే బస్సెక్కి తిరుపతిలో రుయాకో స్విమ్స్‌కో వెళ్తాం, గంటలకొద్దీ కూర్చుంటాం. "టీఎస్‌హెచ్ చూడాలా సార్?" అని ఒక్క మాట అడిగి రండి.