పాతబల్లా, పరిష్కర్త ధర్మమూ

చాలా రోజుల తరువాత మీ ముందుకు వస్తున్నాను. ఇన్నాళ్ళ నా మౌనానికి కారణం ఒక బల్ల. నవ్వకండి. నలభై రోజులపాటు మా వరండానూ, నా చేతులనూ, మా అమ్మాయితో నా సంభాషణనూ పూర్తిగా ఆక్రమించుకొన్నది ఆ బల్లే. దాని పుణ్యమా అని నాకొక అభిప్రాయం ఏర్పడింది. ఏర్పడిన అభిప్రాయాన్ని లోపల దాచుకోగల శక్తి పదవీ విరమణ చేసిన తెలుగు పండితులకు ఉండదని మీకు తెలియనిది కాదు.

తునిలో పాత సామాను అమ్మే ఒక కొట్టులో ఆ బల్ల కనబడింది. ఐదడుగుల పొడవు, రెండు సొరుగులు, ఒళ్ళంతా పెచ్చులు లేచిన ఆకుపచ్చ రంగు. నాలుగు కాళ్ళలో ఒకటి ఎప్పుడో విరిగితే ఎవరో మామిడికర్రతో మరొకటి అతికించారు. అడుగున తెల్లరంగుతో ఒక అంకె వేసి ఉంది. ఏ బడిలోనో కచేరీలోనో లెక్కకెక్కి, లెక్క తప్పి, వేలంలో బయటపడినదన్నమాట. రెండువేల రెండువందలకు బేరం కుదిరింది. ఆటోలో వేసికొని అన్నవరం తెచ్చుకొన్నాను.

సెలవులకు హైదరాబాదు నుండి వచ్చిన మా అమ్మాయి దానిని చూచి సంబరపడిపోయింది. "నాన్నగారూ, దీన్ని ఫార్మ్‌హౌస్ టేబుల్ చేద్దామండీ" అన్నది. ఫోనులో వరసగా బొమ్మలు చూపించింది. పాత బల్ల కాళ్ళకు వెల్లవేసినట్టు తెల్లరంగు పూస్తారు. ఆరిన తరువాత అంచుల దగ్గర ఉప్పుకాగితంతో గీకి, అక్కడ రంగు అరిగిపోయినట్టు చేస్తారు. పైపలకను ఇనుప గొలుసుతో కొట్టి గాట్లు పెడతారు. అప్పుడది తాతలనాటి పల్లెటూరి వంటింటి బల్లలాగా కనిపిస్తుందట. ఈ పనికి వాడే సుద్దరంగును 1990లో ఇంగ్లండులో ఆనీ స్లోన్ అనే ఆమె తయారుచేసింది. 2013లో అమెరికాలో మొదలైన 'ఫిక్సర్ అప్పర్' అనే టీవీ కార్యక్రమం టెక్సాసులోని వేకో పట్టణం నుండి ఈ ఫార్మ్‌హౌస్ శైలిని ఇంటింటికీ చేర్చింది. ముప్పై ఏళ్ళు సుద్దముక్కతో బతికినవాణ్ణి. సుద్దతో ఇంత వ్యవహారం ఉన్నదని నాకు తెలియదు.

"అమ్మా, అది ఎలాగూ పాతదే కదా! పాతదానికి మళ్ళీ పాతదాని వేషం ఎందుకు?" అన్నాను. అది నవ్వి ఊరుకొన్నది. నేను మాత్రం ఊరుకోలేకపోయాను.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఇది విదేశీ శైలి గనుక వద్దనడం నాకు చెల్లదు. మన గోదావరి రైతు ఇంట భోజనపు బల్ల ఎక్కడుంది? మండువా లోగిలిలో గాదెలున్నాయి, భోషాణాలున్నాయి, కావిడిపెట్టె, పట్టెమంచం, ఉయ్యాలబల్ల, పడకకుర్చీ ఉన్నాయి. అన్నానికి కూర్చునేది మాత్రం పీటమీద, తినేది విస్తరిలో. ఇప్పటికీ మా రత్నగిరిమీద సత్యదేవుని వ్రతానికి వచ్చిన దంపతులు నేలమీద పీటలముందే కూర్చుంటారు. పీఠం ప్రకృతి, పీట వికృతి. అది మన ఇంటి మాట. మేజాబల్ల అనే మాటలోని మేజా బయటినుండి వచ్చినది. మనవాళ్ళు దానికి బల్లను తగిలించి మనదాన్ని చేసికొన్నారు. కచేరీతోనూ బడితోనూ అది మన ఊళ్ళలోకి నడిచివచ్చింది. కనుక 'మన సంప్రదాయం' అనే కర్ర పట్టుకొని మా అమ్మాయిని అదిలించడం న్యాయం కాదు. నా అభ్యంతరం వేరే.

పని మొదలుపెట్టాను. నా దగ్గర చదువుకొన్న వడ్రంగి ఒకతను రోజూ సాయంత్రం వచ్చి చెప్పిపోయేవాడు; నేను చేసేవాణ్ణి. పాత రంగును పొడిగా రుద్దకూడదని ముందే తెలిసికొన్నాను. ఇళ్ళకు వాడే రంగులలో సీసం పదిలక్షల పాళ్ళలో తొంభైకి మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగులో ఎంత ఉన్నదో చూపుకు తెలియదు. ఆ ధూళి పిల్లలకు మరీ చేటు. అందుచేత తడిపి, గాజుపెంకుతో నెమ్మదిగా గీకి, ఆ పొట్టును కాగితంలో పోగుచేశాను. మనవణ్ణి ఆ దరిదాపులకు రానివ్వలేదు.

మూడవనాటికి ఆకుపచ్చ కింద ఎరుపు కలిసిన తేనెరంగు కనిపించింది. వడ్రంగి గోరుతో నొక్కి చూచి, "మాస్టారండీ, చేవ తేరిన టేకండి బాబూ! దీని మీద రంగేసినోడెవడో గానీ..." అని ఆగిపోయాడు. అది పైనుండి గోదావరిలో తెప్పలుగా రాజమహేంద్రవరం దిగిన కలపో, రంగూను నుండి ఓడలో వచ్చిన బర్మా టేకో చెప్పగలవారు లేరు. బర్మా ప్రభుత్వం 2014లో టేకు దుంగల ఎగుమతిని నిషేధించింది. ఇకమీద ఆ జాతి పాతకలప దొరికితే కూలిన ఇళ్ళలోనూ ఇటువంటి వేలాలలోనూ దొరకవలసిందే. కారైకుడిలో చెట్టినాడు మేడల స్తంభాలూ తలుపులూ అంగళ్ళలో నిలబడి ఉండడం చూచినవారికి ఈ మాట వేరే చెప్పనక్కరలేదు.

ఇక నా అభిప్రాయం. పాతబల్లను బాగుచేయడమంటే గ్రంథపరిష్కరణ వంటిది. తాళపత్రప్రతిలో పురుగు తిన్నచోటు ఉంటుంది, లేఖకుని తప్పు ఉంటుంది, తరువాతివారు చేర్చిన ప్రక్షిప్తం ఉంటుంది. పరిష్కర్త వీటిని విడదీసి, మూలానికి వీలైనంత చేరువకు వెళ్ళాలి. బ్రౌను దొర ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులు సేకరించి, పండితులచేత పోల్చి చూపించి శుద్ధప్రతులు వ్రాయించాడు. అందులో కొన్ని పాఠాలతో మనం ఏకీభవించకపోవచ్చు. కాని లేని ప్రాచీనతను కల్పించడం ఆయన పని కాదు. 1909లో మానవల్లి రామకృష్ణకవిగారు నన్నెచోడుని కుమారసంభవాన్ని ప్రకటించి, కవి నన్నయకంటె పూర్వుడన్నారు. తరువాత కొందరు పండితులు అసలా కావ్యం ప్రాచీనమేనా, ఇటీవలి కల్పనయా అని సందేహించారు. ఆ వివాదంలో నేను తలదూర్చను. ఒక్కటి గమనించండి: కాలనిర్ణయంలో పొరబడ్డాడన్న నింద పండితునికి నొప్పి కలిగిస్తుంది, అంతే. కొత్తదానికి పాతరంగు పులిమాడన్న నింద అతని సర్వస్వాన్నీ తీసికొనిపోతుంది. గొలుసుతో గాట్లు పెట్టడం అటువంటి పని అని నా వాదన. గాటు అంటే ఏదో జరిగిందని సాక్ష్యం. ఏమీ జరగకుండానే సాక్ష్యం పుట్టించడం అబద్ధమే అవుతుంది.

ఇదంతా భోజనాలవేళ మా అమ్మాయికి ఉపన్యసించాను. అది పెరుగన్నం ముగించి, "మరి మీరు గీకేసిన ఆకుపచ్చ రంగో నాన్నగారూ? అదీ ఆ బల్లకు నిజంగా జరిగినదే కదా! ఎన్నేళ్ళు అది ఆకుపచ్చగా బతికిందో! మీకు నచ్చని సాక్ష్యాన్ని మీరు చెరిపేశారు. నేను తెల్లరంగు వేస్తే మాత్రం తప్పా?" అన్నది.

సమాధానం వెంటనే తోచలేదు. ఈ వయసులో పిల్లల చేత ఓడిపోవడంలో ఒక సుఖం ఉన్నది గాని, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరునాడు కుడివైపు సొరుగు పక్కన, మిగిలిన రంగును గీకుతుండగా ఒక అక్షరం బయటపడింది: 'సూ'. కంపాసు ములుకుతో చెక్కినది. కొమ్ముదీర్ఘం తప్పు లేకుండా పెట్టాడు. పక్కన ఇంకొక అక్షరం మొదలుపెట్టి వదిలేశాడు. ఎవరో వచ్చి ఉంటారు.

నాకు 1991 గుర్తుకు వచ్చింది. అప్పుడు నేను పనిచేసిన బడిలో ఎనిమిదవ తరగతి పిల్లవాడొకడు బల్లమీద తన పేరు చెక్కుకొన్నాడు. ప్రభుత్వపు ఆస్తి అని గద్దించి, వాడి చేతికి గాజుపెంకు ఇచ్చి, తరగతి అందరి ముందూ ఆ పేరును వాడిచేతనే గీకించాను. ఒక గంటసేపు గీకాడు. వేలు తెగింది, చెప్పలేదు. నేను ఆ గంటలోనే పిల్లలకు సంధులు చెప్పాను. వాడు ఆ మరుసటి ఏడు బడికి రాలేదు. కారణం నేను కాకపోవచ్చు. అడిగి తెలిసికోలేదు కూడ. ఆ రోజు నేను మరమ్మతు చేయించానని అనుకొన్నాను. నిజానికి ఒక పిల్లవాడు తాను ఇక్కడ ఉన్నానని వ్రాసుకొన్న ఒకే ఒక వాక్యాన్ని కొట్టివేయించాను.

కనుక మా అమ్మాయి అన్న మాట నిజమే. పరిష్కర్త ఏదో ఒకటి తీసివేయక తప్పదు. తీసివేసినదేమిటో దాచకుండా ఉండడం, తీయనవసరం లేనిదాన్ని ముట్టకుండా ఉండడం, లేనిదాన్ని చేర్చకుండా ఉండడం, ఈ మూడే అతని చేతిలో ఉన్నవి. మంచి పరిష్కర్త పాఠాంతరాలను అడుగున చూపుతాడు. నేనూ సొరుగుల లోపల ఆకుపచ్చ రంగును అలాగే ఉంచాను. అడుగున ఉన్న అంకెను చెరపలేదు. 'సూ' ఉన్నచోట ఉప్పుకాగితం ఆడించలేదు. నూనెగుడ్డతో తుడిచి వదిలేశాను.

మా అమ్మాయికి కాళ్ళు ఇచ్చివేశాను. మూడు టేకువి, ఒకటి మామిడిది. ఎంత మెరుగు పెట్టినా కలవవు. కనుక తెల్లరంగు అక్కడ పనికివచ్చేదే, వేషం కాదు. తనే వేసింది, చక్కగా వేసింది. అంచులు గీకడం మాత్రం మానుకొన్నది. "మీ మనవడి కాళ్ళే గీకుతాయి లెండి" అన్నది. పైపలకకు లక్క మెరుగు పెడదామనుకొన్నాను. కాని వేడిగిన్నె దించితే లక్కమీద తెల్లటి వలయం పడుతుంది. అందుకని అవిసెనూనె పట్టించాను. ఆ నూనెగుడ్డలను ఉండచుట్టి మూల పడవేయకండి. నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకొంటాయి. విప్పి, ఆరుబయట పరచి ఆరనివ్వండి.

అయితే ఈ ధర్మమంతా అన్ని బల్లలకూ వర్తిస్తుందని నేననను. నాసిరకం చెక్కకు రంగే రక్ష. రంగు వేస్తే తప్ప ఎవరూ ఇంట్లో పెట్టుకోని బల్లను ఒక ఇల్లాలు రంగువేసి నిలుపుకొంటే, దానిని పొయ్యిలోకి పోకుండా కాపాడినందుకు ఆమెకు నమస్కరించాలి. నేను వద్దనేది గొలుసుదెబ్బలను మాత్రమే. బల్లను బాగుచేసి ఇంట్లో పెట్టుకోండి. అరగదీసే పని కాలానిది, మీ ఇంటి మనుషులది, వారికి వదలండి.

మొన్న మనవడు ఆ బల్లమీద పప్పుచారు గిన్నె బోర్లించాడు. తుడిచినా అంచున కొంచెం మరక నిలిచిపోయింది. వాళ్ళమ్మ కేకలు వేయబోతే నేనే అడ్డుపడ్డాను. వాడికి ఇంకా 'అ' నుండి 'అః' వరకే వచ్చు. అక్షరాలన్నీ వచ్చిన తరువాత వాడు కంపాసు పట్టుకొని ఆ బల్ల దగ్గరకు వెళితే ఏం చేస్తానో, ఇప్పుడే మాట ఇవ్వలేను.