తండ్రి తప్పు, బిడ్డ బడి

అనుమతి లేక దేశమున అడుగిడినవారిని ఏమి చేయవలెనను ప్రశ్నకు అమెరికా సంప్రదాయవాదులు ఎన్నడును ఒక్క గొంతుతో జవాబు చెప్పలేదు. చట్టమునకు విలువ యుండవలెనని కొందరందురు. పొలములకును కర్మాగారములకును చౌకకూలి దొరకవలెనను యజమానులును ఆ పక్షముననే యుందురు. 1986లో సుమారు 27 లక్షలమందికి నివాసార్హత కల్పించిన చట్టముపై సంతకము చేసినవాడు రోనాల్డ్ రీగన్. 1994లో అట్టివారికి బడిని, వైద్యమును నిరాకరించు 187వ ప్రతిపాదనను బలపరచినవాడు పీట్ విల్సన్. ఇరువురును రిపబ్లికనులే, ఇరువురును కాలిఫోర్నియాకు గవర్నర్లుగా నుండినవారే.

ఈ వాదము బడి గడపకు వచ్చినపుడు మరింత చిక్కుపడెను. చట్టసమ్మతముగా ప్రవేశింపని పిల్లల చదువునకు రాష్ట్రనిధులు ఇయ్యనక్కరలేదని 1975లో టెక్సాస్ శాసనసభ నిర్ణయించెను. 1977లో టైలర్ పట్టణపు బడులవారు అట్టి పిల్లలకు తలకు ఏటికి 1000 డాలర్ల రుసుము విధించిరి. కూలిచేసి బ్రదుకువారికి అది తలుపు మూసివేయుటయే. వ్యాజ్యము సుప్రీంకోర్టు వరకు పోయెను. 1982 జూన్ 15న అయిదుగురు న్యాయమూర్తులు పిల్లల పక్షమునను, నలుగురు రాష్ట్రపక్షమునను నిలిచిరి. నిక్సన్ నియమించిన లూయీ పవెల్ పిల్లల పక్షముననే యుండెను.

భిన్నాభిప్రాయము వ్రాసిన ప్రధానన్యాయమూర్తి వారెన్ బర్గర్ వాదము మిక్కిలి ఆలోచింపదగినది. పిల్లలకు ప్రాథమికవిద్య లేకుండ జేయుట అవివేకమని ఆయనయు ఒప్పుకొనెను. కాని దానిని దిద్దవలసినది శాసనసభయేగాని న్యాయస్థానము కాదనెను. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. ఖర్చు భరించు ప్రజల ప్రతినిధులే ఆ ఖర్చును నిర్ణయింపవలెననుట సబబే. అయినను ఓటులేని పిల్లల మొర ఏ శాసనసభ్యుడు ఆలకించును? ఎవరి చేతలకు వారే బాధ్యులనుట సంప్రదాయవాదమునకు మూలస్తంభము. తండ్రి చంకనెక్కి నదిని దాటిన పసివాడు ఏ చేతకు బాధ్యుడు? సరిహద్దును కాపాడుకొను అధికారము ఏ దేశమునకైనను కలదు. తండ్రిపై తీసుకొను చర్య వేరు విషయము.

ఖర్చు విపరీతమగుచున్నది కావున ఆ తీర్పును మరల సవాలు చేయుదుమని 2022లో టెక్సాస్ గవర్నరు గ్రెగ్ ఆబట్ పలికెను. ఖర్చుమాట అబద్ధము కాదు. ఇంటిభాష వేరైన పిల్లలకు వేరుగా ఉపాధ్యాయులు కావలయును, గదులు కావలయును. కాని ఈ పిల్లలలో పెక్కురు ఆ దేశముననే ఉండిపోవుదురనియు, వారిని చదువురానివారినిగా పెంచి రాష్ట్రము సాధించునదేమో తెలియదనియు తీర్పు వ్రాసిన విలియమ్ బ్రెన్నన్ ఆనాడే అనెను. అయిదేండ్లు తిరుగకముందే, 1982 జనవరి 1కి ముందునుండి విడువక దేశమున నివసించుచున్నవారికి రీగన్ చట్టము తలుపు తెరచెను. టైలర్ బడులవారు 1000 డాలర్లు అడిగినది అట్టివారి బిడ్డలనే.